తల్లి మచ్చ, పిల్ల మచ్చ

ఎండాకాలం సాయంత్రాలు తాండూరు నాపరాళ్ల గనుల మీద దుమ్ము లేచిందంటే పొద్దు మండడం మానేస్తుంది. తోమిన రాగి పళ్లెంలా ఊరికే వేలాడుతుంది. కావాలంటే ఎవరైనా కళ్లు చికిలించకుండా చూడొచ్చు, కానీ చూసే తీరిక ఎవరికుంది? రాళ్లు కొట్టేవాళ్లకు ఇల్లు చేరే తొందర, గొర్లు కాసేవాళ్లకు మంద చెదరకుండా తోలుకుపోయే తొందర. గొర్ల కాపరి కిష్టప్పకైతే తీరికున్నా చూడడు. పదేళ్లుగా గుంకే పొద్దుకు వీపు పెట్టే నడుస్తున్నాడు.

1959 వేసవిలో ఒకనాడు ఒక గొర్రె గని అంచుకు పోయింది. దాన్ని మళ్లించబోయి, చూడొద్దనుకుంటూనే చూశాడు. ఎర్రటి పొద్దు మీద నల్లటి మచ్చ. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాడు. అక్కడే ఉంది. గొర్రెను వదిలేసి రాళ్ల మీదే కూర్చున్నాడు.

ఆ మచ్చ సంగతి అతనికి కొత్త కాదు. పదేళ్ల కిందట భార్య కొండమ్మ ఇదే చెబితే అతను నమ్మలేదు.

యూనియన్ సైన్యం వచ్చిన ఏడాది, దీపావళి దాటాక. కొండమ్మకు ఏడో నెల. మొగుడితో పాటు మంద వెంట వచ్చి, గట్టు మీద కూర్చుని, పొద్దు వైపు చెయ్యి చాపి నవ్వింది.

"జర గిటు చూడు. పొద్దుల రెండు మచ్చలున్నయి. పెద్దది ముంగట, చిన్నది ఎనక. తల్లిగొర్రె ఎంబడి పిల్ల పోతున్నట్టే ఉన్నది."

కిష్టప్ప మందను కూడేసి వచ్చేసరికి పొద్దు మునిగిపోయింది. ఆ తర్వాత వారం రోజులు మబ్బులు. మబ్బు విడిచిననాడు చూస్తే పొద్దు మీద ఏమీ లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు ఏవేవో కనిపిస్తాయిలే అని ఎగతాళి చేశాడు. ఆమె కూడా నవ్వేసింది. అంతటితో పోవలసిన మాట అది.

పోలేదు. పుట్టిన పిల్ల భాగమ్మకు చూపు లేదని నాలుగో నెలలో తెలిసింది. దీపం ఎటు తిప్పినా కళ్లు కదలలేదు. అప్పుడు కిష్టప్ప తల్లి కాశమ్మకు ఆ సాయంత్రం గుర్తుకొచ్చింది. గ్రహణం పట్టిననాడు కడుపుతో ఉన్నవాళ్లను లోపల పెట్టి తలుపులేస్తామే, ఈమె మచ్చ పడిన పొద్దును రెప్ప వేయకుండా చూసి నవ్విందంట. పిల్ల చూపు ఆ పొద్దే తీసుకుంది, ఇక ఈ తల్లి కళ్లు పిల్ల మీద పడితే ప్రాణం కూడా పోతుంది, ఇదీ కాశమ్మ తీర్పు. ఆమె నోటికి ఎదురు చెప్పగలిగినవాళ్లు వాడలో లేరు. కిష్టప్ప ఎదురు చెప్పకపోవడం అటుంచి, మనసారా నమ్మాడు కూడా.

పాలు తాగే పిల్లను ఇంట్లో ఉంచి కొండమ్మను బొంరాస్‌పేటలో పుట్టింట దింపడానికి తీసుకుపోయాడు. దారంతా ఆమె రవిక పాలతో తడుస్తూనే ఉంది. తనేమీ చూడలేదని, ఊరికే పరాచికానికి అన్నానని ఒట్లు పెట్టుకుంది. చూశానంటే నమ్మని మొగుడు, చూడలేదంటే కూడా నమ్మలేదు.

భాగమ్మ మేకపాలతో పెరిగింది. కాశమ్మ పోయి మూడేళ్లయింది. అయినా కిష్టప్ప భార్యను తెచ్చుకోలేదు. పిల్లకేమన్నా అయితే ఎట్లా అని తనకు తాను చెప్పుకునేవాడు. అది సగం నిజం. కొండమ్మ ముఖం చూడడానికి అతనికి ముఖం లేదు, అది మిగతా సగం.

ఇప్పుడు ఆ మచ్చ తనకే కనిపించింది. తన కళ్లు కూడా పోతున్నాయనుకున్నాడు. తనకు చూపు పోతే పిల్లకు దిక్కెవరు? మందను తమ్ముడికి అప్పజెప్పి, భాగమ్మ చెయ్యి పట్టుకుని వికారాబాద్ రైలెక్కాడు.

అక్కడి డాక్టరు కళ్లు చూసి, ఏ రోగమూ లేదన్నాడు. మచ్చ సంగతి చెబితే నవ్వి, ఆ రోగం ఈ ఊళ్లో ఇంకొకరికి కూడా ఉందని బడి వైపు చూపించాడు.

ఆ ఇంకొకరు పాండురంగం సారు. నవాబుపేటలో బోలెడు భూమి ఉండి కూడా సేద్యం అన్నదమ్ములకు వదిలేసి, పిల్లలకు లెక్కలు చెబుతూ, పన్నెండేళ్లుగా పొద్దు మీది మచ్చలు గీసుకుంటున్నాడు. ఆయనకు కాస్త తిక్క అని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ మాట ఆయనకూ తెలుసు.

సారు బడి వాకిట్లో చిన్న దుర్భిణిని పొద్దుకు ఎదురుగా నిలిపి, దాని వెనక తెల్ల కాగితం పట్టాడు. కాగితం మీదికి గిన్నె మూతంత పొద్దు దిగింది. దాని మీద నువ్వులు చల్లినట్టు మచ్చలు. నేరుగా మాత్రం ఎప్పుడూ చూడొద్దని, దుమ్ములో ఎర్రగా ఉన్నా కళ్లకు చేటేనని గట్టిగా చెప్పాడు. ఇవి పదకొండేళ్లకోసారి బాగా పెరుగుతాయని, మళ్లీ తగ్గిపోతాయని, పొద్దు తన చుట్టూ తాను తిరుగుతుంది కనుక ఈ వారం కనిపించిన మచ్చ వచ్చే వారానికి అవతలి పక్కకు పోతుందని చెప్పాడు. కిష్టప్పకు వారం రోజుల మబ్బులు గుర్తుకొచ్చాయి.

యూనియన్ సైన్యం వచ్చిన ఏటి బొమ్మలున్నాయా అని అడిగాడు. సారు పాత పుస్తకం తీసి దీపావళి తర్వాతి పేజీలు తిప్పాడు. ఒకచోట కిష్టప్ప ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. అతనికి చదువు రాదు. ఆ పేజీకి చదువు అక్కర్లేదు. గుండ్రటి పొద్దులో పెద్ద మచ్చ ముందు, చిన్న మచ్చ వెనక.

"సారు, కడుపుతోని ఉన్నామె గిది చూస్తే?"

"చూస్తే ఆమె కండ్లకే మంచిది గాదు. కడుపుల బిడ్డకు ఏం గాదు, కిష్టప్పా."

కిష్టప్ప మళ్లీ అడిగాడు. సారు మళ్లీ అదే చెప్పాడు. అప్పుడా మనిషి బడిపిల్లలందరూ చూస్తుండగా గోడకు ఆనుకుని ఏడ్చాడు. పుస్తకంలోంచి పేజీ చింపడానికి సారుకు చెయ్యి రాలేదు. ఇంకో కాగితం మీద అచ్చు అట్లాగే గీసి ఇచ్చాడు.

మర్నాడు తండ్రీ బిడ్డా బొంరాస్‌పేటలో దిగారు. అమ్మ దగ్గరికి పోతున్నామని దారిలో చెప్పినప్పటి నుంచి భాగమ్మ రెండుసార్లు తల దువ్వించుకుంది.

కొండమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తల నెరిసింది. వచ్చిందెవరో తెలియగానే చేట వదిలేసి, లేచి, గోడ వైపు తిరిగి కొంగు ముఖం మీదికి లాక్కుంది. కిష్టప్ప ఆమె వీపుకే అంతా చెప్పుకోవలసి వచ్చింది. చెప్పి కాగితం అందించాడు. ఆమె తిరక్కుండానే తీసుకుంది. చిన్న మచ్చ మీద వేలు పెట్టింది.

"ఉండెనా," అంది. "నిజంగనే ఉండెనా."

"ఉండె. నీ తప్పు ఏం లేకుండె. నాదే తప్పు."

"నేను దూరముంటే నా బిడ్డ బతుకుతదని ఉన్న. బతికే ఉన్నది గద అని దినాలు ఎల్లదీసిన. ఇప్పుడొచ్చి నా తప్పు లేదంటున్నవు. మరి గీ పదేండ్లు ఎందుకు పోయినయి?"

కిష్టప్ప ఆమె మీది బరువు దించుతానని వచ్చాడు. ఇన్నాళ్లు ఆమె దేన్ని పట్టుకుని బతికిందో దాన్నే లాగేశానని ఇప్పుడు తెలిసింది. ఆమె తిడితే బాగుండు అనిపించింది.

భాగమ్మ ఆ గొంతు వినిపించిన వైపు చేతులు చాపుతూ నడిచింది. గోడ తగిలింది, తర్వాత భుజం తగిలింది. జుట్టు, చెవి, కొంగు చాటున తడిసిన చెంప, అన్నీ తడిమి చూసింది.

"అమ్మా, నన్ను చూస్తున్నవా?"

కిష్టప్ప పక్కకు జరిగి చూశాడు. పిల్ల చేతులకు కొంగు జారినా కొండమ్మ ఇంకా గోడ వైపే ఉంది. పిల్ల చేతిని చెంపకేసి అదుముకుంది గానీ, కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది.

"చూస్తున్న బిడ్డా," అంది.