ఫ్లెక్సీ మీది సీటు

త్రివేణికి ఐఐటీలో సీటు వచ్చిందన్న మాట ఇబ్రహీంపట్నం బస్సు డిపో అంతా చాటింది ఆమె తండ్రి జైపాలే. ఆయన అక్కడ మెకానిక్. పొద్దున బిడ్డ ఫోన్ చూపించి, రెండు చోట్ల పీహెచ్‌డీ సీట్లు వచ్చాయని, ఇది అందులో ఒకటని చెప్పబోయింది. రెండోది ఏమిటో వినకుండానే ఆయన డ్యూటీకి పోయాడు. భార్య జంగమ్మ చనిపోయినప్పటి నుంచి నలుగురిలో చెప్పుకోవడానికి ఆయనకు ఏ సంగతీ దొరకలేదు. దొరికేసరికి నోరు ఆగలేదు.

మాట కుల సంఘం అధ్యక్షుడు దశరథ చెవిన పడింది. దశరథకు సాగర్ రోడ్డు మీద ప్లాట్ల వెంచర్ ఉంది, కౌన్సిలర్ పదవి మీద కన్ను ఉంది. వారం తిరగకముందే చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో నిలువెత్తు దశరథ చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన మోచేతి దగ్గర త్రివేణి ముఖం, జైపాల్ వెతికి ఇచ్చిన పాత స్కూలు ఫొటో. ఐఐటీలో సీటు సాధించిన మన ఆడబిడ్డకు అభినందనలు అని పెద్ద అక్షరాలు. ఆదివారం ఫంక్షన్ హాల్లో సన్మానం అని కింద ఇంకో వరుస. జైపాల్ దాని ముందు నిలబడి ఫోన్లో ఫొటో దిగాడు.

త్రివేణి యూనివర్సిటీ నుంచి వచ్చి బస్సు దిగుతూ అది చూసింది. ఇంటికి వచ్చి కోపం చేయలేదు. తండ్రిని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ఐఐటీలో తనకిచ్చింది ల్యాబులో లేజర్లతో చేసే పని. తను చేయాలనుకున్నది కాగితం మీద లెక్కలతో చేసే ఫిజిక్స్, కృష్ణబిలాల గురించి. అది నేర్పే మేడం చెన్నైలో ఒక చిన్న సంస్థలో ఉంది. ఆ మేడం త్రివేణితో ఫోన్లో గంటసేపు మాట్లాడి రమ్మంది. ఎక్కడికి వస్తున్నదీ సోమవారం లోపల రెండు చోట్లకూ తెలపాలి.

"పేరు పెద్దదైతే పని వస్తదా బాపు? నువ్వు ఇంజన్ పని నేర్చినప్పుడు షెడ్డు చూసి పోయినవా, ఉస్తాద్‌ను చూసి పోయినవా?"

జైపాల్‌కు అర్థం కాలేదనడానికి వీల్లేదు. వయసులో ఉన్నప్పుడు ఆయనకు పెద్ద వర్క్‌షాపులో పని దొరికింది. దాన్ని కాదని మలక్‌పేటలో ఒక రేకుల షెడ్డుకు పోయాడు. అక్కడి ముసలి ఉస్తాద్ చప్పుడు విని ఇంజన్ రోగం చెప్పేవాడు. జైపాల్ చేతిలో ఇవాళ ఉన్న పని ఆయన పెట్టిందే. ఆ కథ బిడ్డకు చిన్నప్పుడు చెప్పిందీ తనే. అయినా తల వంచుకుని ఇంత మాత్రం అన్నాడు.

"ఫ్లెక్సీ పడ్డది బిడ్డ. ఆదివారం గడవనియ్."

ఆదివారం హాలు నిండింది. దశరథ సంఘం గురించి చెప్పాడు, వెంచర్ గురించి చెప్పాడు, ఆఖరుకు త్రివేణికి మైకు ఇచ్చాడు. ఆమె అందరికీ దండం పెట్టింది. తనకు చెన్నైలో ఇంకో సీటు వచ్చిందని, తన మనసు దాని మీదనే ఉందని చెప్పింది. కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"గదెక్కడిదమ్మా, మేమెన్నడు ఇనలే. ప్రైవేటా?" అన్నాడు దశరథ. ముందు వరుస నవ్వింది. ఆయన జైపాల్ వైపు తిరిగాడు. "ఏంది జైపాల్, మరి మా ఫ్లెక్సీ దించుకోవాల్నా?"

జైపాల్ కూడా నవ్వాడు. బిడ్డ చేతిలోని మైకు తీసుకున్నాడు.

"చిన్న పిల్ల, తెల్వక అంటున్నదన్న. ఐఐటీకే పోతది."

చప్పట్లు మోగాయి. శాలువా త్రివేణికి కప్పారు, ఇంకొకటి జైపాల్‌కూ కప్పారు. ఆమె తండ్రి ముఖం వైపు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు డిపో కండక్టర్ హన్మంత్ వాళ్ల ఆటోలోనే ఎక్కాడు. ముందు డ్రైవర్ పక్కన కూర్చుని, ఇక జైపాలన్న మనతో మాట్లాడతాడా అని ఆటపట్టిస్తున్నాడు. వెనుక త్రివేణి ఫోన్ తీసి ఏదో రాసింది. రాసింది తండ్రి ముందు పెట్టింది. ఇంగ్లీషు ఆయనకు రాదు.

"మేడంకు రాసిన బాపు, వస్తలేనని," అంది మెల్లగా. "ఇంక పంపలే. వద్దంటే ఆపుతా."

వద్దంటే చాలు. కానీ ఆ ఒక్క మాటకు హన్మంత్ వెనక్కి తిరిగి ఏందని అడుగుతాడు. రేపు పొద్దున డిపోలో చెప్తాడు. సాయంత్రానికి దశరథకు చేరుతుంది. జైపాల్ ఇదంతా ఆలోచించాడు. బిడ్డ ఎదురుచూస్తున్నదనీ తెలుసు. శాలువా భుజం మీద సర్దుకుని రోడ్డు వైపు చూశాడు. ఆటో పెట్రోలు బంకు దాటింది, కాలేజీ గేటు దాటింది.

త్రివేణి బొటనవేలితో పంపే గుర్తును తాకి, ఫోన్‌ను సంచిలో వేసుకుంది.

హన్మంత్ దిగిపోయాక జైపాల్ బిడ్డ వైపు తిరిగాడు. మేడంకు మళ్లీ ఫోన్ చేసి చూడరాదా అన్నాడు. ఏమని చెప్పాలి బాపు అంది. ఆయన జేబులోంచి ఆటో డబ్బులు తీసి లెక్కపెట్టసాగాడు.

ఇల్లు చేరేసరికి పక్కింటి శ్యామలమ్మ గడపలో ఉంది. నలుగురు పిల్లలను పనికి పంపక బడికి పంపిన మనిషి. త్రివేణి చెంపలు నిమిరి మెటికలు విరిచింది.

"ఏం చదువు బిడ్డ నువ్వు చదివేది? మా చిన్నబిడ్డ స్తుతికి చెప్తా."

"మా బాపును అడుగు పెద్దమ్మ," అంది త్రివేణి. గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. బియ్యం కడగడానికి లోపలికి పోయింది.

శ్యామలమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఐఐటీ," అన్నాడు జైపాల్.

"గది కాలేజి పేరు గదన్నా. చదువేంది?"

జైపాల్‌కు బిడ్డ కోరుకున్న చదువేందో తెలుసు. కృష్ణబిలాలు అన్న మాట నాలుక మీదికి వచ్చింది. కానీ బిడ్డ ఇప్పుడు చదవబోయేది అది కాదు. లోపల బియ్యం కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె వింటున్నది. ఆయన శాలువా తీసి చంకలో పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక గడప బయటే నిలబడ్డాడు.