ఆ బంతిలో ఎందుకు నవ్వారు

వడ్డన అయిపోయింది, కానీ విస్తరాకుల్లో ఏమీ లేదు. ఆ సంగతి ఎవరితోనైనా అందామనుకుంటూనే నీలిమ తండ్రి పక్కన కూర్చుంటుంది, ఇది బాబాయి కూతురి పెళ్లి బంతి అని ఆమెకు తెలుసు, కానీ షామియానా కింద నేల మాత్రం జూట్ మిల్లు నేలలా సన్నగా అదురుతోంది, మగ్గాలు ఎక్కడా కనిపించవు. తండ్రి అబ్బులు పోయి ఏడాది దాటింది. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆకు మీద నీళ్లు చల్లుకుని, ఎదుటివాళ్ల మూతుల వంక ఒకటొకటిగా చూస్తున్నాడు.

వయసంతా మగ్గాల హోరులో గడిపి, చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి ఆయన. ఇంట్లో "ఏమంటున్నారే?" అని అడగడం ఆయన వంతు, "ఏం లేదు, తర్వాత చెప్తాలే" అనడం తక్కిన అందరి వంతు. ఆ తర్వాతలన్నీ ఏ గంగలో కలిశాయో ఎవరూ వెతకలేదు.

"తెచ్చావా అమ్మా?" అంటాడు.

తెచ్చింది. ఒళ్లో లాప్‌టాప్ ఉంది. ఆయన ఉండగా మొదలుపెట్టి, ఆయన పోయేదాకా నాన్చిన పని అది. బ్రౌజర్‌లో ఆమె తయారుచేసిన పేజీ తెరిస్తే చాలు, మనుషులు మాట్లాడుతుంటే మాటలు అక్షరాలై తెర మీద పడతాయి. మాటల్ని గుర్తుపట్టే మోడల్ ఒక్కసారి లాప్‌టాప్‌లోకి దిగిందంటే ఇక నెట్‌తో పనిలేదు, ఇంట్లో మాట ఇల్లు దాటదు.

"దీనికి మాటలు ఎవరు నేర్పారే?"

"మనకి తెలీనివాళ్లు నాన్నా. బోలెడంతమంది మాటలు విని, మన దగ్గరికి రాకముందే నేర్చేసుకుంది."

"అయితే నాకంటే నయం," అని ఆయన నవ్వుతాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు. అప్పుడు గమనిస్తుంది నీలిమ, బంతిలో ఎవరి మాటకూ చప్పుడు లేదు, పెదవులు మట్టుకు ఆడుతున్నాయి, ఆ కదలికలన్నీ తెర మీద అక్షరాలై పరుగెడుతున్నాయి, తండ్రి ఆకలిగొన్నవాడిలా చదువుకుంటున్నాడు.

ఆయన ఇప్పుడు ఏమడుగుతాడో ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో మంచం పక్కనే నిలబడి డాక్టరు చెప్పిన మాట. ఆ రోజూ తర్వాత చెప్తాలే అనే అంది.

"డాక్టరు మాటా?" ఆమె నోరు తెరవకముందే ఆయన అంటాడు. "అది మీ మొహాల్లోనే చదివేశాను. దానికేముందిగానీ, ఆ పెళ్లి రోజు ఈ బంతిలోనే మీరంతా ఒక్కసారి గొల్లున నవ్వారు చూడు. మీ పిన్నయితే కళ్లనీళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పమ్మా."

నీలిమకు గుర్తు లేదు. పిన్నిని అడుగుదామని తిరిగితే పిన్ని వీపు కనిపిస్తుంది, అటుపక్క తిరిగితే బాబాయి వీపు, అందరూ ఖాళీ ఆకులు మడిచేసి లేచిపోతున్నారు, ఎంత తిరిగినా ఒక్క మొహమూ దొరకదు, కింద నేల ఇంకాస్త గట్టిగా అదురుతోంది.

"గుర్తు లేదు నాన్నా," అంటుంది.

తెర మీద పడుతుంది: "ఏం లేదు, తర్వాత చెప్తాలే."

"నేనలా అనలేదు!"

"ఏం లేదు, తర్వాత చెప్తాలే."

"నాన్నా, దాన్ని చూడకు, నన్ను చూడు, నిజంగా గుర్తు లేదు, నాకు ఏడుపొస్తోంది." ఎంత అరిచినా తెర మీద అదే మాట, వరస తర్వాత వరస, ఆయన చూపుడువేలు పెట్టి ఓపిగ్గా ఒక్కో వరసా చదువుతాడు.

"దాన్నేం అనకమ్మా పాపం," అంటాడు. "మనింట్లో నేర్చుకున్నట్టుంది." ఆయనలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది ఆమెకు. "గుర్తొచ్చాకే చెప్పు. నేను ఇక్కడే కూర్చుంటాను."

ఖాళీ బంతిలో ఒక్కడే, ఆమె పెదవుల వంక చూస్తూ, ముందుగానే కొంచెం నవ్వుమొహం పెట్టుకుని కూర్చుంటాడు.

నీలిమ టేబుల్ మీద నుంచి తలెత్తింది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ కీబోర్డు మీద పడుతోంది, ఇంట్లో ఎవరూ లేరు, ఫ్యాను కూడా తిరగడం లేదు. పేజీని పరీక్షిస్తూ కునుకు తీసినట్టుంది, మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. మాట వినబడనప్పుడు ఇలాంటి మోడళ్లు తమంతట తామే ఏదో ఒకటి రాస్తుంటాయని ఆమెకు తెలుసు. తెలిసినా తెరను దగ్గరికి లాక్కుని చూసింది.

అందులో బ్రాకెట్ల మధ్య ఒకే ఒక్క ముక్క ఉంది: (నవ్వులు).

ఎందుకు నవ్వారో ఉంటుందేమోనని పైకి జరిపి చూసింది, కిందికి జరిపి చూసింది. ఒక్క మాట లేదు.