ఇత్తడి రేకు మీది గీత

ఆర్విల్ నెకేజ్ మాస్టారు తన వ్యాను వెనక సీట్లు ఊడదీసి, అక్కడ పరుపు పరిచి, జారకుండా తాళ్లతో బిగించారు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆ పనికి ఆయనకు గంటన్నర పట్టింది. తుఫాను సోమవారం పొద్దున్నే మిస్సిసిపీ తీరాన్ని తాకుతుందనీ, ముందుగా మునిగే 'ఎ' జోన్‌లో ఉన్నవారంతా చీకటి పడేలోగా ఖాళీ చెయ్యాలనీ ఆదివారం ఉదయమే కౌంటీ అధికారుల ఉత్తర్వు వచ్చింది. బే క్లేర్ ఊళ్లో చాలా ఇళ్ల కిటికీలకు అప్పటికే చెక్క పలకలు పడ్డాయి. అయితే పలకలు కొట్టినంత మాత్రాన లోపల మనుషులు లేరనుకోవడానికి వీల్లేదు. అది మాస్టారికి తెలుసు.

ఆయన మొదట వెళ్లింది డెల్ఫీన్ కువాస్ ఇంటికి. ఒకప్పుడు ఆయన దగ్గర సైన్సు చదువుకున్న పిల్ల. రొయ్యల పడవ నడిపే భర్త పోయిన దగ్గర్నుంచీ, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ ఆ ఇంట్లో ఉంటోంది. వ్యానులో పరుపు ఆ తల్లి ఓడీల్ కోసమే.

"రండి మాస్టారూ, మంచి వేళకొచ్చారు!" అంది డెల్ఫీన్, చేతిలో గరిటెతోనే తలుపు తీసి. "కరెంటు పోతే పాడైపోతాయని ఫ్రీజర్‌లో రొయ్యలన్నీ గంబో పులుసులో పోసేశా. ఈ గుండిగ ఖాళీ కావాలంటే వీధి వీధంతా రావాలి."

"వీధంతా వెళ్లిపోతోందమ్మా. నువ్వూ పొయ్యి ఆర్పి బయల్దేరు. అమ్మ పడుకోడానికి పరుపు వేసి తెచ్చాను."

లోపలి గదిలోంచి ఓడీల్ అరిచింది. "నన్నెక్కడికీ మొయ్యక్కర్లేదు! పోయినేడు మోశారుగా, ఆ ముచ్చట తీరిపోయింది!"

"విన్నారుగా," అంది డెల్ఫీన్. "పోయినేడు బుద్ధిగా చెప్పిన మాట విని బయల్దేరాం. పదకొండు గంటలు రోడ్డు మీదే. ఆ తుఫానేమో దారి మార్చుకుని ఫ్లోరిడా పోయింది. అమ్మ వీపు మీద పుండ్లు మానేసరికి క్రిస్మస్ దాటింది. అయినా ఏమిటి మాస్టారూ ఈ జోన్లు? మొన్నటిదాకా మాది 'బి'. ఈ ఏడు మ్యాపు మార్చి 'ఎ' అన్నారు. నేల జరిగిందా, గీత జరిగిందా?"

"గీతే జరిగింది. లెక్క మెరుగుపడింది కనక జరిగింది."

"లెక్కంటే గుర్తొచ్చింది. ఇలా రండి."

ఆమె ఆయన్ను మెట్లు దింపి, ఇంటిని మోస్తున్న ఇటుక స్తంభాల దగ్గరకు తీసుకువెళ్లింది. ముందు స్తంభానికి అరచేయంత ఇత్తడి రేకు, దాని మీద అడ్డంగా ఒక గీత. ముప్పై ఆరేళ్ల కిందటి పాత తుఫానులో నీళ్లు వచ్చిన ఎత్తు అది. ఆ తుఫాను తర్వాత తొమ్మిదేళ్లకు, ఇటుక మీద మిగిలిన బురద మరకను పిల్లల చేత కొలిపించి, ఆ రేకును మాస్టారే బిగించారు. ఆవేళ కొలకర్ర పట్టుకున్న పదమూడేళ్ల పిల్ల డెల్ఫీన్.

"ఇంటి నేల గీతకి నాలుగడుగులు పైన. నేనే కొలిచా. 'మనుషుల జ్ఞాపకం అబద్ధమాడుతుంది, నీటి మరక ఆడదు.' ఈ మాట ఎవరన్నారు మాస్టారూ?"

"నేనే అన్నాను. అబద్ధమాడదు గానీ, అదొక్క తుఫాను సంగతే చెబుతుంది. పాతది ఎంత భీకరమైనా వెడల్పు తక్కువ. ఇది అంతకు రెండింతల వెడల్పు. మన సముద్రానికి లోతు లేదు, గాలి తోసిన నీరు ఎటూ పోలేక ఒడ్డెక్కుతుంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెబుతుందమ్మా. ఎక్కడ ఆగుతాయో చెప్పదు."

డెల్ఫీన్ ముఖంలో నవ్వు పోయింది. "మరి ఆ ముక్క అప్పుడెందుకు చెప్పలేదు?"

ఆ రోజుల్లో ఊరికి ఒక నమ్మకం ఉండేది. గట్టు మీద నిలబెట్టిన మేరీమాత విగ్రహాన్ని దాటి నీరు రాదని. పాత తుఫాను ఆ విగ్రహాన్నే ఎత్తుకుపోయినా నమ్మకం మాత్రం పోలేదు. ఆ నమ్మకాన్ని వదిలించాలనే ఆయన రేకు బిగించారు. ఏటా ఒక తరగతిని వెంటబెట్టుకొచ్చి, ఇరవై ఆరేళ్లు చూపించారు. ఊరు విగ్రహాన్ని వదిలి రేకును పట్టుకుంది.

"అప్పుడు నాకూ తోచలేదు," అన్నారు మాస్టారు.

"ఇప్పుడు తోచింది మాత్రం ఖాయమా?" ఆమె అడగడంలో ఎత్తిపొడుపు లేదు. "అమ్మని మళ్లీ రోడ్డు మీద చంపుకోలేను మాస్టారూ. ఇంకా ఎవరెవరి ఇళ్లకి వెళ్లాలో వెళ్లండి. ఒక గిన్నెలో గంబో పోసిస్తా, దారిలో తినండి."

ఆయన వ్యానులోంచి గొడ్డలి తెచ్చి, అటక మీద పెట్టుకోమన్నారు.

"అటక మీద కట్టెలు కొట్టాలా?" అని నవ్వింది గానీ, తీసుకుంది.

ఆ సాయంత్రం ఆయన మరో ఆరు ఇళ్ల తలుపులు తట్టారు. నాలుగిళ్లలో ఆ గీత సంగతే ఆయనకు తిరిగి అప్పజెప్పారు. పరుపు ఖాళీగానే ఉత్తరానికి వెళ్లింది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి, తీరానికి నలభై మైళ్ల ఎగువన, తుఫాను శిబిరంగా మార్చిన ఒక బడిలో, ఆయన ఫోను మోగింది.

"మాస్టారూ, నీళ్లు గీత దగ్గరికొచ్చాయి." వెనక ఓడీల్ జపమాల చదువుతున్న గొంతు వినిపిస్తోంది. "ఆగుతాయి కదూ?"

ఆయన జన్మలో పిల్లలకు తెలిసి అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన చెప్పాలనిపించింది.

"ఆగవమ్మా. అమ్మని ఎత్తుకుని అటక ఎక్కు."

"నా ఒక్కదాని వల్ల అవుతుందా?" అంది. అంతే, లైను తెగింది.

ఐదోరోజున ఆ ఇంటి కప్పు అర మైలు అవతల, చిత్తడిలో దొరికింది. దానికి లోపలి నుంచి గొడ్డలితో నరికిన కంత ఉంది. మనిషి సులువుగా దూరగలిగినంత కంత. ఇద్దరూ దాని కిందే, అటకలోనే ఉన్నారు. తల్లిని ఒక్కతే ఎలా పైకి చేర్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఎందుకు బయటకు రాలేదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంటి చోట స్తంభాలు మిగిలాయి. నీటి ఎత్తులు నమోదు చెయ్యడానికి కౌంటీ పంపిన మార్లీన్ అనే సర్వేయరు, మాస్టారి గురించి విని ఆయన్ను అక్కడికి రప్పించింది. పక్కనున్న ఓక్ చెట్టు మాను మీద, పాత గీతకు పద్నాలుగడుగుల పైన, బురద మరక ఎండిపోయి ఉంది.

"ఇక్కడ కొత్త రేకు కొడదామా సార్? జనం చూసి జాగ్రత్తపడతారు."

"కొడితే, వచ్చే తుఫానుకి దీనికి పైనున్నవాళ్లు కదలరు."

"కొట్టకపోతే పదేళ్లలో అంతా మర్చిపోతారు కదా?"

అదీ నిజమే. మాస్టారు ముందు స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, పాత రేకుకున్న నాలుగు మరల్లో మొదటిదాన్ని తిప్పబోయారు. అది కదల్లేదు. రెండోది, మూడోది, ఏదీ కదల్లేదు. ఏ తుఫానుకూ ఊడకూడదని, మర చుట్టూ సీసం పోసి మరీ, ఆవేళ పిల్లల కళ్లముందు ఆయనే బిగించారు. చెయ్యి జారి వేలి కణుపు చీరుకుపోయినా ఆయన నాలుగోదాని మీద స్క్రూడ్రైవరు ఆనించి తిప్పుతూనే ఉన్నారు.