తొట్టిలో గంగమ్మ

సూరయ్య కుడిచెయ్యి భుజందాకా నీళ్ళలో ఉంది. ముక్కు మాత్రం వీలైనంత దూరంగా ఉంది. నిన్నటిదాకా నత్త అనిపించుకున్న పదార్థం ఇవాళ రాయి సందున చీమిడిలా అతుక్కుని కూర్చుంది. రెండు వేళ్ళతో పట్టుకుంటే జారింది, మళ్ళీ పట్టుకుంటే సాగింది, పైకి తెచ్చేసరికి వేళ్ళ సందుల్లోంచి కారింది. ఎండుచేపల పాకలో ఆదమరిచి నిద్రపోగల ముక్కు అతనిది. ఆ ముక్కే ఇవాళ ముడుచుకుపోయింది. నత్తనడక అని ఊరికే పేరుగానీ, ఈ నత్తలు చావుకి మాత్రం పరుగందుకున్నాయి.

"థూ!" అన్నాడు సూరయ్య. గాజు మీద తుంపర పడింది. తుడవాల్సిందీ తనే కాబట్టి భుజమ్మీది తువ్వాలుతో తుడిచాడు.

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర జగన్నాధం గారి రెస్టారెంటులో, క్యాష్ కౌంటరు పక్కన, మంచమంత పొడవున ఉంది ఆ గాజుతొట్టి. అసలు సముద్రం ఆటో ఎక్కితే వచ్చేంత దూరంలో ఉండగా, సముద్రం చేసుకునే ఉప్పు మాత్రం బకెట్లలో విమానమెక్కి వచ్చింది. 'బతికున్న రాళ్ళు' అని పేరు పెట్టి రాళ్ళు కొన్నారు. వాటి మీద ఊదారంగు పగడాలు, పచ్చ పగడాలు అతికించారు. అవి దీపం వెలుగులో పువ్వుల్లా విచ్చుకుంటుంటే, బిర్యానీకి వచ్చినవాళ్ళు బిల్లు మరిచిపోయి ఫొటోలు తీసుకున్నారు.

నెల తిరక్కుండానే పగడాలు ఎవరిమీదో పగబట్టినట్టు ముడుచుకున్నాయి. తరవాత తెల్లబోయాయి; ఉపమానానికి కాదు, నిజంగానే సున్నం వేసినట్టు తెల్లబోయాయి. నక్షత్రచేప చేతులు ఒక్కొక్కటే ఊడి నక్షత్రం నేల రాలింది. చారల చేపలు మాత్రం చుట్టాల పెళ్ళికి వచ్చినట్టు హాయిగా తిరుగుతున్నాయి.

ఇప్పుడిక ఆ చేపలు కాక మిగిలింది ఎర్రరొయ్య ఒక్కటే. వీపు మీద తెల్లచార, ముందు బారెడు తెల్లమీసాలు. సూరయ్య చెయ్యి నీళ్ళలో పెడితే చాలు, రాయి కిందినుంచి వచ్చి అరచేతిలోకి ఎక్కి, గోళ్ళ సందుల్లో మట్టి ఏరుకు తినేది. ముళ్ళతో, వలతాళ్ళతో బండబారిన ఆ చేతికి చక్కిలిగింత అనేది ఒకటుందని అరవై ఏళ్ళకి చెప్పింది ఆ రొయ్యే. జీవితమంతా రొయ్యల్ని తట్టల్లో తొక్కి తెచ్చినవాడు ఒక రొయ్యకి గోళ్ళు అప్పగించి నవ్వుకోవడం ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేవాడు. ఇవాళ అది రెండడుగులు వేసి ఆగింది. చేతిదాకా రాలేదు.

"ఏటి బావా, ఇయ్యాల ఎవులికి పెద్దకర్మ?" వంటింటి గుమ్మంలోంచి అరిచింది చిన్నతల్లి. పీట మీద కూర్చుని, రొయ్యలు ఒలుస్తోంది.

"నత్త పోనాదే."

"నానిక్కడ తట్టడు రొయ్యల తలకాయలు తీసినా అడిగే నాథుడు లేడు. నువ్వక్కడ నత్తకి నెత్తి కొట్టుకుంతన్నావు. ఒకే ఓటల్లో రెండు నాయాలు!"

సూరయ్యకి నవ్వు రాలేదు. చంపి తెచ్చినన్నాళ్ళూ ఇదే జగన్నాధం గారు భుజం తట్టి కొన్నారు. ఇప్పుడు వాటంతట అవి చస్తే తిడుతున్నారు. తిత్లీ తుఫానులో భావనపాడు ఒడ్డున తెప్ప రెండు ముక్కలయ్యాక, "సముద్రం తెలిసినోడివి కదా" అని ఈ పని ఇచ్చిందీ ఆయనే. గాజు తుడవడం, మేత వెయ్యడం, తగ్గిన నీళ్ళు నింపడం. తొట్టిలో జీవం ఉంటేనే సూరయ్యకి జీతం.

జగన్నాధం గారు వస్తూనే ముక్కు మూసుకున్నారు.

"ఏటయ్యా ఈ కంపు! నిన్న ఎవరో ఫ్యామిలీ, బిర్యానీ ఆర్డరిచ్చి, ఆ పగడాలకేసి చూసి లేచెళ్ళిపోయారు. తినడానికొచ్చేరా, శవాన్ని చూడ్డానికొచ్చేరా? సూడు సూరయ్యా, మజ్జాన్నం వినోద్ వైజాగ్ నుంచి వస్తన్నాడు. ఆ ఎర్రది కూడా పోయిందంటే తొట్టి ఎత్తించెస్తాను. నీ పనీ అంతే."

"పోదు బాబూ. పోనివ్వను."

ఆయన లోపలికి వెళ్ళగానే సూరయ్య తొట్టి మూలకి చెయ్యి దించి, ఇసక కింద తడిమి, రాగిరేకు పైకి తీశాడు.

వేటకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో అదొక కట్టడి. కొత్త తెప్ప నీళ్ళలో దిగేముందు, గంగమ్మ గుడి దాసుడు గీసిచ్చిన రాగిరేకు దాని తలకి కట్టాలి. రేకు లేని తెప్ప మీద కాలు పెట్టరు. తెప్ప పోయినా రేకు మిగిలింది. ముక్కలైన దుంగకి వేలాడుతుంటే తెంపి మొలకి కట్టుకున్నాడు. ఇక్కడ తొట్టి పెట్టిన రోజున చూశాడు: కొత్త నీళ్ళు, కొత్త జీవాలు, కొబ్బరికాయ కొట్టినవాడు లేడు, గంగమ్మ పేరు తలిచినవాడు లేడు. ఎవరూ లేనప్పుడు రేకు విప్పి ఈశాన్యమూల ఇసకలో పెట్టాడు. ఒకటి చచ్చినప్పుడల్లా అమ్మకి మైల తగిలిందనుకుని, రేకు తీసి శుభ్రంగా తోమి మళ్ళీ పెడుతున్నాడు.

"సిన్నతల్లీ, రవ్వంత సింతపండు పెట్టే."

"మళ్ళీ తోవుతావేటి? ఆ రేకుకున్న మెరుపు నా మొకానికి లేదు."

చింతపండూ ఉప్పూ వేసి అరచేతి మంట పుట్టేదాకా తోమాడు. పచ్చటి చిలుము పోయి రేకు కొత్తపెళ్ళికూతురిలా ఎర్రగా మెరిసింది. రెండు కళ్ళకీ అద్దుకుని, ఈసారి ఎర్రరొయ్య ఉండే రాయి కిందే పెట్టాడు. దగ్గరుంటే బాగా కాస్తుందని.

మధ్యాహ్నం వినోద్ వచ్చాడు. తొట్టి పెట్టింది అతనే. పెట్టె తెరిచి, చిన్నచిన్న సీసాల్లో తొట్టినీళ్ళు పట్టి చుక్కలు వేశాడు. వంటింట్లో టేస్టు, ముందుగదిలో టెస్టు.

"ఉప్పు కరెక్టుగా ఉంది సార్. వేడి ఓకే. అమ్మోనియా లేదు."

"అన్నీ ఉంటే ఇవెందుకు లేవయ్యా మరి?" అన్నారు జగన్నాధం గారు.

వినోద్ చివరి సీసాలో చుక్కలు వేసి, ఊపి, వెలుగుకి పట్టుకున్నాడు. నీళ్ళు నీలంగా తిరిగాయి. అతని మొహం కూడా అదే రంగుకి తిరిగింది.

"రాగి సార్! నీళ్ళలో రాగి ఉంది."

రాగి అనగానే ఇద్దరూ రాగాలు అందుకున్నారు. నీ మోటారులోదే అని ఆయన, మీ ఏసీ పైపుదే అని ఇతను. కస్టమర్లు నాణేలు పడేశారేమోనని ఆయన, మీ వంటవాడు బిందె ముంచాడేమోనని ఇతను. సూరయ్య చేతిలోని తువ్వాలు కిందపడింది.

"బాబూ," అన్నాడు మెల్లిగా. "రాగిసెంబులో నీళ్ళు మంచియంటారు గదా."

"మనకి మంచివే. చేపలు కూడా కొంత తట్టుకుంటాయి. వెన్నెముక లేనివాటికే విషం. రొయ్య, నత్త, పగడం... కాస్త కలిసినా చాలు."

బయట జంక్షన్లో వెన్నెముక లేనివాళ్ళు కార్లలో తిరుగుతున్నారు. తొట్టిలో మాత్రం వాళ్ళే ముందు పోతున్నారు.

"తోమిన రాగైతే?"

"ఇంకా పాడు. చిలుము పోయి లోపలి రాగి నేరుగా నీళ్ళకి తగులుతుంది. ఏం, ఎందుకు?"

సూరయ్య తొట్టివైపు తిరిగాడు. చెయ్యి భుజందాకా దించాడు. రాయి కిందినుంచి ఎర్రరొయ్య ఆ చేతిని గుర్తుపట్టి రాబోయింది. కాళ్ళు తడబడి పక్కకి ఒరిగి, మీసాలు మాత్రం చేతివైపు చాపింది. సూరయ్య చెయ్యి దాన్ని దాటించి రాగిరేకు పైకి తీసి, నీళ్ళు కారుతుండగానే ఇద్దరి ముందూ పట్టుకున్నాడు.

"గంగమ్మ రేకు బాబూ. నానే ఎట్టాను. కాస్తాదని."

జగన్నాధం గారి నోట్లోకి వచ్చిన బూతు అమ్మవారి పేరు విని అక్కడే ఆగింది. తిట్టడానికి లేచిన చెయ్యి దండానికి సగం వంగి, ఎటూ తేలక జేబులోకి పోయింది.

"తీసేశాను గదా," రేకుని కౌంటరు మీద పెట్టి అన్నాడు సూరయ్య. "ఇంక బతుకుతాది గదా?"

"రాళ్ళు, ఇసక అన్నీ రాగి పీల్చేసుంటాయి. మొత్తం పారెయ్యాల్సిందే. రొయ్యని వేరే నీళ్ళలో వేద్దాం. చూద్దాం."

కొత్తగా ఉప్పు కలిపిన బకెట్ ముందు సూరయ్య గొంతుక్కూర్చున్నాడు. బయట ఎండ తగ్గేసరికి ఎర్రరొయ్య వెల్లకిలా పడింది. కాళ్ళు కాసేపు నీళ్ళని ఏరాయి. తరవాత అదీ మానేశాయి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రాగి, చింతపండు, చీమిడి. కడిగాడు. సబ్బుతో కడిగాడు. పోలేదు.

జగన్నాధం గారు చెడ్డవాడు కాదు. "పోనీలే సూరయ్యా. గోల్డుఫిష్ వేసుకుంటాను, వాటికి నువ్వక్కర్లేదు. వంటింట్లో చిన్నతల్లితో కూర్చుని రొయ్యలు ఒలువు. జీతం అదే," అన్నారు.

సూరయ్య పీట వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిననాటినుంచీ చేసిన పనే. తట్టలోంచి ఒక రొయ్యని తీశాడు. దాని మీసం అతని గోటికి చుట్టుకుంది. తల తుంచాడు. బొటనవేలి మీదికి పసుపుపచ్చని గుజ్జు కారింది. చేతిలోది తట్టలో పడేశాడు. పరుగున పెరట్లోకి వెళ్ళి కాలవలో కక్కాడు.

"ఏటైనాది బావా? రొయ్యని సూసి నువ్వు కక్కడవేటి!"

"రోత పుడతన్నాదే. రొయ్య మీద కాదు." నోరు పుక్కిలించి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఈ సేతులు మీద."

"ఎక్కడికి?"

"గాలి తగల్నేదు. అలగెల్లొత్తాను."

చిన్నతల్లి తట్ట ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసింది. భావనపాడు దారిలో పోయే టెక్కలి బస్సు ఎక్కుతుంటే చూశానని పాన్‌షాపు వాడు చెప్పాడు.

రాత్రి భోజనాల వేళకి జనం వచ్చారు. తొట్టిలో దీపం ఆర్పేశారు. తిన్నవాళ్ళు కౌంటరు దగ్గర బిల్లు కట్టి, చెంచాడు సోంపు నోట్లో వేసుకుని వెళ్ళిపోతున్నారు. సోంపుగిన్నె పక్కన, ఎవరూ ముట్టుకోని రాగిరేకు, కింద చిన్న నీటిమరకతో, తోమినంత మేరా ఎర్రగా మెరుస్తోంది.