బావ అనే ఆస్తి

సర్కారు కరెంటు కంపెనీలో నిల్వల తనిఖీదారుకి ఏటా ఒక్కటే పెద్ద పని: యార్డులో బొగ్గు గుట్టను కొలిచి సంతకం పెట్టడం. గుట్ట ముప్పై అడుగులు, దాన్ని గుచ్చి చూసే చువ్వ మూడడుగులు. చువ్వ నల్లగా పైకొచ్చేది, కంపెనీ లెక్కలు తెల్లగా మెరిసేవి.

ఈసారి అతని మనసును అనుమానం పురుగులా తొలిచింది. బోరు వేసేవాణ్ని పిలిచి గుట్ట నడినెత్తిన దింపించాడు. నాలుగో అడుగు నుంచి మట్టే. గుట్టలోని గుట్టు రట్టయింది. పుస్తకాల్లో నలభై రోజుల బొగ్గు, పొయ్యికి నాలుగు రోజులది.

యార్డు గుమాస్తా స్వయానా అతని అక్క మొగుడు. నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

"నిజం రాయి బావమరిదీ. నేను చేరకముందే ఉంది ఆ మట్టి. నేనేమన్నా మూటగట్టి మోసుకొచ్చానా?"

"సంతకాలన్నీ నీవి బావా. నీ మెడకి చుట్టుకుంటుంది."

"పెట్టమన్న చోట పెట్టాను. తిన్నవాడు వేరే ఉన్నాడుగా. రాయి."

రాశాడు. మట్టిని మట్టిగా, బొగ్గును బొగ్గుగా.

వారం తిరక్కుండా చీఫ్ అకౌంటెంట్ పిలిచి టీ ఇప్పించాడు.

"శభాషయ్యా! నీ రిపోర్టు యథాతథంగా తీసుకున్నాం. లాభం పైసా తగ్గలేదు."

"అదెలా సార్?"

"పోయిన బొగ్గుకి పూచీ ఎవరు? గుమాస్తా. కాబట్టి అంత సొమ్మూ ఆయన మనకి బాకీ. రావలసిన బాకీ ఆస్తేగా! బొగ్గు పద్దులోంచి తీసి బాకీల పద్దులో వేశాం."

"ఏడు జన్మలెత్తినా తీర్చలేడు సార్."

"తీర్చమన్నదెవరు? ఉంటే చాలు."

వార్షిక నివేదిక నున్నటి కాగితం మీద అచ్చయింది. ఆడిటర్లు అంతా సవ్యమన్నారు. బావకి పింఛను ఆగింది.

మరుసటేడు, బాకీ నిజమేనని బాకీదారుచేత రాయించుకు రమ్మని తనిఖీదారునే పంపారు. లేఖ పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాడు.

"తమ్ముడిగా వచ్చావా, తనిఖీకి వచ్చావా?"

"బావని పిలువక్కా."

"మీ కంపెనీ ఆస్తి మంచం పట్టింది. ఇంకా ఊపిరుందని రాసుకుని పో!"

లేఖను లాక్కుని అతని మొహాన కొట్టి తలుపు వేసేసింది. వంగి తీసుకున్నాడు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలు: పదిహేను రోజుల్లో జవాబు రాకుంటే బాకీ ఒప్పుకున్నట్టే.

రెండు చేతులా తలుపు బాదాడు. "అక్కా, సంతకం వద్దే! కాదని ఒక్క ముక్క రాయించు, చాలు!"

లోపల ఎవరో రేడియో గొంతు పెంచారు.