ఇరవై ఎనిమిదో పేరు

సాజిమ సంతకం చేశాడన్న వార్త డిసెంబరు పదమూడున మధ్యాహ్నం వచ్చింది. మునెహిరో దుకాణంలో ఆ పూట ఎవరికీ తిండి మీద ధ్యాస లేదు. పెనం మీద క్యాబేజీ అట్లు మాడిపోతుంటే మాడిపోనిచ్చారు. బేస్‌బాల్ లీగ్ మొత్తంలో బంతి విసరడంలో అంతటి పిచర్ లేడు. నిన్నటిదాకా మినెసాకా బేర్స్ వాడు, రేపట్నుంచి షియోహమ సీగల్స్ వాడు! పద్దెనిమిదేళ్లుగా కప్పు మొహం చూడని ఊరు, ఎగిరి గంతెయ్యక ఏం చేస్తుంది?

అందరికంటే ఎక్కువ గంతేసింది మునెహిరోనే. అరవై మూడేళ్ల మనిషి, నడుం నొప్పి సంగతే మరిచిపోయాడు. ఆయనకా హక్కుంది మరి. స్టేడియంలో కుడివైపు గ్యాలరీలో బాకాలూ డోళ్లూ పట్టుకుని పాటలు పాడే అభిమాన దళానికి ఆయనే పెద్ద. సాజిమను తెచ్చి తీరాలంటూ ఎండనక వాననక నిలబడి, పదకొండు వేల సంతకాలు పోగేసి క్లబ్బు ఆఫీసులో ఇచ్చొచ్చింది కూడా ఆయనే.

"బాబాయ్, క్లబ్బు వాళ్లు నీ మెళ్లో దండ వెయ్యాలి," అంటూ డోలు వాయించే మియోరి ఆయన వీపు చరిచింది.

"దండెందుకే, ఈసారైనా కప్పు తెమ్మను చాలు."

ఆ ఊపులోనే ఏటా చలికాలం ఆడుకునే ఆట ఒకటి మొదలైంది. ఒక జట్టు పెద్ద ఆటగాణ్ణి ఎగరేసుకుపోతే, పోగొట్టుకున్న జట్టు చేతులు ముడుచుకు కూర్చోదు. బదులుగా అటునుంచి ఒకణ్ణి ఏరుకుంటుంది. ఎగరేసుకుపోయిన జట్టు ఇరవై ఎనిమిది మంది పేర్లు రాసి, వీళ్ల జోలికి రావద్దని కాపాడుకోవచ్చు, అంతే. ఆ జాబితా క్లబ్బు రహస్యం. రహస్యం కాబట్టే ఊళ్లో ప్రతివాడూ తనదొకటి రాసి, అదే అసలైందని వాదిస్తాడు. మునెహిరో పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి కుంచె తీసుకున్నాడు.

ఇరవై ఏడు పేర్లు పెద్ద గొడవ లేకుండానే పడ్డాయి. ఇరవై ఎనిమిదో పేరు దగ్గర కుంచె ఆగింది. మిగిలింది ఇద్దరు. ఒకడు పందొమ్మిదేళ్ల ఎడంచేతి పిచర్. రెండోవాడు తోకునాగ.

తోకునాగ క్యాచర్, పిచర్ విసిరిన బంతిని గొంతుక్కూర్చుని పట్టేవాడు. ముప్పై ఐదేళ్లు. పదహారేళ్లుగా ఈ జట్టు తప్ప ఇంకో చొక్కా తొడగలేదు. ఆట లేని సోమవారాలు మునెహిరో దుకాణంలోనే భోజనం. ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్య చిజురుని పిన్ని అనీ పిలిచేవాడు. బంతి బాగా పట్టేవాళ్లకిచ్చే బంగారు గ్లవ్ అవార్డు ఏ నవంబరుకి ఆ నవంబరు ఇంకెవరికో పోతుంటే చిజురుకి ఒళ్లు మండింది. వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే తొడుగుకి బంగారు రంగు పూసి, ఇదే అవార్డు, ఆ ఓట్లేసే వాళ్లకి కళ్లు లేవు అని వాడి చేతికి తొడిగింది.

ఇంకోటుంది. తోకునాగ బ్యాటింగుకి వచ్చినప్పుడు గ్యాలరీ పాడే పాటకి బాణీ మునెహిరోది, మాటలు చిజురువి. ఈ పెనం పక్కనే కూర్చుని, ఆర్డర్లు రాసుకునే చీటీ మీద రాసింది. ఆవిడ పోయి నాలుగేళ్లు. అయినా ఆట ఉన్న ప్రతిరోజూ మూడుసార్లో నాలుగుసార్లో ఇరవై వేల మంది ఆవిడ మాటలే గొంతెత్తి పాడతారు. మునెహిరో ఆవిడ సమాధి దగ్గరికి పెద్దగా వెళ్లడు. ఆయన లెక్కలో చిజురు అక్కడ లేదు, కుడి గ్యాలరీలో ఉంది.

"తోకునాగ పేరు రాయవా?" అని అడిగింది మియోరి.

"రెండు మోకాళ్లూ అరిగిపోయిన క్యాచరు. వాణ్ణెవడు పట్టుకుపోతాడే? రాసినా రాయకపోయినా మనవాడే," అని మునెహిరో కుర్రవాడి పేరు రాసి, ఆ కాగితాన్ని గోడకి అంటించాడు.

క్లబ్బు పెద్దలు కూడా సరిగ్గా అలాగే అనుకున్నట్టున్నారు. మినెసాకా వాళ్ల క్యాచరుకి భుజం ఆపరేషన్ జరిగిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. జనవరి తొమ్మిదిన మినెసాకా జట్టు తోకునాగని ఏరుకుంది.

ఊరు భగ్గుమంది. సాజిమ కోసం డిసెంబరులో జేజేలు కొట్టిన నోళ్లే క్లబ్బుకి శాపనార్థాలు పెట్టాయి. పదహారేళ్లు చాకిరీ చేసినవాణ్ణి ఇలాగేనా పంపడం అని అరిచారు. తమ జాబితాల్లో వాడి పేరు రాయనివాళ్లు మరీ గట్టిగా అరిచారు. మునెహిరో మాత్రం తన అట్లేవో తను వేసుకున్నాడు. ఎవరిని తిడతాడు? సాజిమను అడిగిందీ తనే, తోకునాగని వదిలిందీ తనే.

జట్టు మారితే పాట కూడా ఆగిపోవాలి, అది ఆచారం. అక్టోబరులో ఆటలైపోయాయి కనుక ఆఖరిసారి పాడుకునే వీలు కూడా లేదు. ఇంతలో మినెసాకా అభిమాన దళం పెద్ద ఒకబయాషి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. ఆ పాట తమకిస్తే కళ్లకద్దుకుంటామన్నాడు. మొదటి లైన్లో షియోహమ రేవు ఉంది కదా, అదొక్కటీ మార్చుకుంటామన్నాడు.

"మా ఆవిడ మాటల మీద చెయ్యేస్తారా? కుదరదు," అని మునెహిరో ఫోన్ పెట్టేశాడు.

ఆ వచ్చే సోమవారం మధ్యాహ్నం తోకునాగ వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మునెహిరో పిండి పోసి, క్యాబేజీ దట్టంగా పరిచి, తిరగెయ్యబోతూ చూశాడు. తోకునాగ కళ్లు గోడ మీదున్నాయి. ఆ కాగితం తీసెయ్యడం తను మరిచిపోయాడు! మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా తోకునాగ నిదానంగా చదువుతుంటే, మునెహిరో అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"బాబాయ్, చేతిరాత నీదేనా?"

"నాదేరా."

"ఈ ఎడంచేతి పిల్లాడు పైకొస్తాడు. నేనైనా వాడి పేరే రాద్దును."

అని తోకునాగ అట్టు ముందుకి లాక్కుని తినసాగాడు. వాడు తిట్టినా బాగుండేది. గిన్నె విసిరికొట్టినా బాగుండేది. మునెహిరో ఇంకో అట్టుకి పిండి పోశాడు.

అది తిరగేస్తూ, "అక్కడ నీకు ఏ పాట పాడతారు?" అని అడిగాడు.

"సొంత పాట లేని కొత్తవాళ్లకి ఉమ్మడి పాటొకటి ఉంటుందిగా, అదే." తోకునాగ నవ్వాడు. "ముప్పై ఐదేళ్లకి మళ్లీ కొత్త పెళ్లికొడుకుని. పిన్ని పాట వినపడకపోతే బ్యాట్ ఎత్తాలని గుర్తొస్తుందో రాదో."

పాట ఇమ్మని మాత్రం అడగలేదు. సంచిలోంచి బంగారు రంగు వంటింటి తొడుగు తీసి చూపించాడు. రంగు సగం రాలిపోయి ఉంది. "దీన్ని పట్టుకెళ్లనా? ఇది ఈ ఇంటిది కదా, అడిగి పోదామని వచ్చా."

"నీకిచ్చిందేరా అది," అన్నాడు మునెహిరో.

తోకునాగ గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, దుకాణానికి నడుం వంచి దండం పెట్టాడు. వెళ్లిపోయాడు.

మునెహిరో గోడ మీద కాగితం పీకేశాడు. పెనం తుడిచాడు. తుడిచిన పెనమే మళ్లీ తుడిచాడు. తర్వాత ఫోన్ తీసుకుని ఒకబయాషికి చేశాడు.

"మొన్న దురుసుగా మాట్లాడాను, ఏమనుకోకండి. పాట రాసుకోండి."

అటునుంచి హడావిడిగా కాగితం చప్పుడైంది. మునెహిరో మొదలుపెట్టాడు. పాట పుట్టిన ఈ పదకొండేళ్లలో బాకా ఊదడమే తప్ప ఆ మాటలు ఆయన నోటితో ఎప్పుడూ పలకలేదు.

"షియోహమ రేవు దీపం..." అని ఆగాడు. "కాదు, అది కొట్టెయ్యండి. మినెసాకా కొండ దీపం అని రాసుకోండి. మినెసాకా కొండ దీపం నీ కోసమే వెలిగింది, పరుగున ఇంటికి రారా తోకునాగా."

ఒకబయాషి ప్రతి మాటా తిరిగి చదివి వినిపించాడు. చివర కాస్త మొహమాటపడ్డాడు.

"మాటలు రాసింది మీ ఆవిడ అన్నారు. మార్చామని తెలిస్తే బాధపడతారేమో. ఆవిణ్ణి కూడా ఒకమాట అడిగితే..."

మునెహిరో ఖాళీ పెనం వంక చూశాడు.

"అడిగానండీ," అన్నాడు. "సరేనంది."