జైతూన్ నోటి మాట

ఫక్రుద్దీన్‌తో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అందరి తరఫునా ఆయనే మాట్లాడేవాడు. పెనుకొండ రైలు స్టేషనుకూ దర్గాకూ మధ్య జట్కా తోలేవాడు. ఎక్కినవాళ్ళు నోరు తెరవక ముందే వాళ్ళు యాడికి పోవాలో ఆయనే చెప్పేవాడు. గుర్రం తరఫున కూడా జవాబిచ్చేవాడు. "దీనికి ఈ ఎండలో మిట్ట ఎక్కేకి మనసు లేదప్పా, దిగి నడువు" అనేవాడు. గుర్రం ఏనాడూ కాదనలేదు. చెల్లెలు జైతూన్ కూడా అంతే.

జైతూన్‌కు మొగుడు పోయి రెండేండ్లయింది. అన్న ఇంట్లో వంట చేసి పెట్టి, మధ్యాహ్నాలు చదువుకోవడానికి రుఖియాబీ ఇంటికి పోయేది. రుఖియాబీ నాయన మదరసాలో పాఠాలు చెప్పిన పండితుడు. కొడుకులు లేక, అరబ్బీ, ధర్మశాస్త్రం మొత్తం కూతురికే నేర్పి కన్నుమూశాడు. ఇప్పుడు హిందూపురం నుంచీ, ధర్మవరం నుంచీ ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చి ఆమెను అడిగిపోతారు, తలాకు గురించో, ఆస్తిలో వాటా గురించో. తనకు తేలని సంగతులు ఖాజీ సాహెబు కూడా మనిషిని పంపి ఆమెనే అడిగిస్తాడు. బయటికి చెప్పడు, అంతే.

ఆ ఇంటి వెదురు తెర వెనక కూచుంటే జైతూన్‌కు లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు తోచేది. కొండమీది కోట ఎండలో కరిగి, తెర సందుల్లోంచి చారలు చారలుగా పుస్తకం మీదికి జారేది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నిదానంగా నడిచిపోయేవి, పొద్దుగూకేవేళ కొండ దిగే గొర్రెల్లాగా. వాటి వెనకే రుఖియాబీ గొంతు, అదిలించని కాపరిలాగా.

"ఇంకొంత చదువు. నా తర్వాత ఈ చాప మీద కూచునేది నువ్వే" అన్నదామె ఒకనాడు. ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికొచ్చింది జైతూన్.

ఆ వారమే ఫక్రుద్దీన్ ధర్మవరంలో పట్టునూలు అమ్మే ఒకాయనతో సంబంధం ఖాయం చేసుకొచ్చాడు.

"నీకు ఇష్టమే కదా జైతూన్?" అన్నాడు. ఆమె ఊపిరి తీసుకునేలోగా, "ఇష్టమేలే" అని తనే అనేసి, గుర్రానికి గడ్డి వేయడానికి పోయాడు.

నిఖా నాడు వాకిట్లో మగవాళ్ళు, గదిలో ఆడవాళ్ళు, మధ్యన కట్టిన దుప్పటి. ఆనవాయితీ ప్రకారం మేనమామ సాక్షులతో దుప్పటి దగ్గరికొచ్చి అడిగాడు: "ఏమమ్మా, ఒప్పుకుంటాండావా?"

సాంబ్రాణి పొగలో జైతూన్‌కు అక్షరాలే కనబడుతున్నాయి. ఒక్కొక్కటీ కొండ దాటి, ధర్మవరం దారి కాకుండా ఎటో వెళ్ళిపోతున్నాయి. వాటి వెంబడే చూస్తూ ఉండిపోయింది.

"సిగ్గు మామూ, ఒప్పుకునింది" అన్నాడు ఫక్రుద్దీన్.

"ఆగప్పా" అన్న మాట ఆడవాళ్ళ మధ్య నుంచి వచ్చింది. రుఖియాబీ. "కన్నెపిల్లయితే సిగ్గుపడి మూగగా ఉన్నా సరే. ఒకసారి పెండ్లయిన ఆడది నోరు తెరిచి చెప్పాల. నీ నోరు కాదు, దాని నోరు."

"ఆడోళ్ళు చెప్తే అయిపోయిందా? ఖాజీ సాబ్, మీరు చెప్పండి!"

ఖాజీ గడ్డం సవరించుకున్నాడు. "నేను చదువుకునింది ఆమె నాయన దగ్గరే అబ్బా. ఆమె నా కంటే బాగా చదివింది. మళ్ళీ అడగండి."

అడిగారు. గోరింట పెట్టిన చేతులకేసి తల దించుకున్న జైతూన్, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా అన్నది: "వద్దు మామూ. నా చదువు ఇంకా మిగిలుండాది."

పెండ్లికొడుకు ముఖం మీద వేలాడే పూల సెహరా తీసి మడిచి పక్కన పెట్టాడు. "ఆమె మీద నాకేం కోపం లేదు. ఆమెను అడక్కుండానే నన్ను ఈడికి రప్పించినోళ్ళ మీదే" అన్నాడు. ఆయన తరఫువాళ్ళు మాత్రం బిర్యానీ సంగతి కనుక్కున్నారు. ఇంటివాళ్ళు వడ్డించారు.

ఫక్రుద్దీన్ జట్కా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. గుర్రం కూడా ఏమీ మాట్లాడలేదు. చివరికి దుప్పటి దగ్గరికొచ్చి, అందరూ వినేటట్టు, ఎప్పుడూ అలవాటు లేని నిదానంతో అన్నాడు:

"జైతూన్, తప్పు నాదే. అడిగినట్టు అడిగి, జవాబు నేనే చెప్పుకుంటి."